ఆన్‌లైన్ అంగడికి నిల్వ తెలుపుటకు ముందు

మన చేనేత గ్రామములకు ఒక విశేషము కలదు. ఊరి పేరే సరుకు పేరు. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ అనగానే వినువారికి ముందుగా చీర జ్ఞప్తికి వచ్చును. ఊరు ఏ జిల్లాలో ఉన్నదో తరువాత ఆలోచింతురు. 1999వ సంవత్సరపు భౌగోళిక సూచికల చట్టము క్రింద ఈ చీరల పేర్లకు రక్షణ కూడ లభించినది. తరతరముల నేతపని వలన కలిగిన ఆ పేరు ఊరివారందరి ఉమ్మడి ఆస్తి.

నేడు ఈ సరుకు సంతలలోను, పట్టణపు దుకాణములలోను మాత్రమే గాక ఆన్‌లైన్ అంగళ్లలోను విక్రయింపబడుచున్నది. ఢిల్లీలోనో, పూనాలోనో ఉన్న ఒక గృహిణి ఫోనులో బొమ్మ చూచి, ధర చెల్లించి, చీర కోరుచున్నది. ఆమె చీరను చేతితో తాకి చూడలేదు. అమ్మువాని ముఖము చూడలేదు. ఆమెకు కనిపించునవి మూడే: చీర బొమ్మ, దాని ధర, సరుకు ఉన్నదను మాట. మొదటి రెండింటిని గురించి మన సంఘములు కొంత శ్రద్ధ వహించుచున్నవి. మంచి ఫొటోలు తీయించుచున్నవి, ధరలను పదిసార్లు చర్చించుచున్నవి. మూడవదానిని మాత్రము ఎవరును పట్టించుకొనరు. అది సంఘపు గుమస్తా ఒక సాయంకాలము కంప్యూటరులోనికి ఎక్కించిన అంకె. ఆ అంకె తప్పైనచో ఏమగునో, దానిని పంపుటకు ముందు ఎట్లు సరిచేసికొనవలెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పంచాయతీ సభ్యులకు ఈ గొడవ ఎందులకని కొందరు అనవచ్చును. సహకార సంఘము పంచాయతీలోని ఒక శాఖ కాదు; దానికి వేరే పాలకవర్గము, వేరే నిబంధనలు ఉన్నవి. నిల్వ పుస్తకము తెమ్మని సర్పంచి ఆజ్ఞాపింపజాలడు. ఇది నిజమే. ఐనను 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలులోని 29 అంశములలో ఖాదీ, గ్రామీణ, కుటీర పరిశ్రమలు ఒకటి. మార్కెట్లు, సంతలు మరియొకటి. అంతకన్న ముఖ్యముగా, నేత గ్రామములలోని వార్డు సభ్యులలో అనేకులు మగ్గము ఉన్న ఇంటివారే. సంఘపు సర్వసభ్య సమావేశములో కూర్చుండువారే. ఆ సమావేశములో “ఆన్‌లైనులో ఎంత అమ్మినారు?” అని అందరును అడుగుదురు. “ఆన్‌లైనులో చూపిన నిల్వ అంకె ఎచ్చటినుండి వచ్చినది?” అని అడుగువారు అరుదు.

సింక్ అనగా నేమి?

సంఘము వద్ద ఒక నిల్వ పుస్తకము ఉండును. కొన్నిచోట్ల అది కాగితపు రిజిస్టరు, కొన్నిచోట్ల టాలీ వంటి లెక్కల ప్రోగ్రాము, మరికొన్నిచోట్ల ఎక్సెల్ పట్టిక. ఆన్‌లైన్ అంగడిలో మరియొక పట్టిక ఉండును. ఈ రెండు చోట్లనున్న అంకెలను ఒకదానికొకటి సరిపోవునట్లు చేయుటకే సింక్ అని పేరు. ఒకచోట గుమస్తా స్వయముగా పట్టికను పంపును. మరియొకచోట ప్రోగ్రాము తనంతట తానే నిర్ణీత వేళలకు పంపుచుండును.

ఈ పనిని కంప్యూటరు క్షణములో చేయగలదు. కాని అది గిడ్డంగిలోనికి వెళ్లి చీరలను లెక్కింపజాలదు. పుస్తకములో 64 అని ఉన్నచో అంగడిలోను 64 అనియే వ్రాయును. అరలో నిజముగా 58 మాత్రమే ఉన్న సంగతి దానికి తెలియదు. పూర్వము పుస్తకములో తప్పు ఉన్నను, అది ఆడిటరు వచ్చువరకు పుస్తకములోనే ఉండెడిది. దుకాణమునకు వచ్చిన మనిషికి అరలో చీర కనిపించినచో కొనెడిది, లేనిచో మరియొక రంగు చూచెడిది. ఇప్పుడట్లు కాదు. పుస్తకములోని తప్పు తెల్లవారుసరికి దేశమంతటికి ఇచ్చిన మాటగా మారును.

తప్పు రెండు విధముల జరుగును. ఉన్నదానికంటె ఎక్కువ చూపుట మొదటిది. లేని చీరకు ఆర్డరు వచ్చును, డబ్బు వచ్చును, వారము దినముల తరువాత సంఘము చేతులెత్తివేయును. పెండ్లికో, సీమంతమునకో చీర కోరిన మనిషికి డబ్బు తిరిగి వచ్చినను ఆ శుభకార్యము తిరిగి రాదు. “ఫలానా సంఘము మోసము చేసినది” అని ఆమె అనదు; సంఘము పేరు ఆమెకు జ్ఞాపకముండదు. ఊరి పేరు పెట్టి, అచ్చటి చీరలవారు మాట నిలుపుకొనరని అనును. అంగళ్లవారును ఊరకుండరు. విక్రేత స్వయముగా పంపు ఆర్డర్లలో విక్రేత వలన రద్దగునవి 2.5 శాతమునకు లోపుగా ఉండవలెనని అమెజాన్ అంగడి నియమము పెట్టినది. వారమునకు 40 ఆర్డర్లు వచ్చు సంఘమునకు ఒక్క ఆర్డరు రద్దైనను ఆ హద్దు తాకినట్లే. హద్దు మీరినవారి ఖాతాను నిలిపివేయుటకు కూడ అవకాశము కలదు.

ఉన్నదానికంటె తక్కువ చూపుట రెండవది. దీనిని గురించి ఫిర్యాదు రాదు కావున దీనిని ఎవరును గుర్తింపరు. అరలో 20 చీరలు ఉండగా అంగడిలో “సరుకు లేదు” అని కనిపించుచుండును. సరుకు కదలదు, సంఘపు పెట్టుబడి అరలో చిక్కుకొనును, క్రొత్త నూలు కొనుటకు డబ్బు లేక మగ్గములకు పని తగ్గును, నేతవారి కూలి వెనుకబడును. నా అభిప్రాయములో మొదటిదానికన్న ఇది తక్కువ హాని కాదు. మొదటిది ఊరి పేరును దెబ్బతీయును, రెండవది ఊరి కడుపును.

పుస్తకపు నిల్వ, అరలోని నిల్వ, అమ్మదగిన నిల్వ

నిల్వ అను ఒకే మాటతో మనము మూడు వేర్వేరు విషయములను పిలుచుచున్నాము. చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది. జమ నుండి ఖర్చును తీసివేయగా వచ్చునది పుస్తకపు నిల్వ. చేతితో లెక్కింపగా వచ్చునది అరలోని నిల్వ. ఇంకను ఎవరికిని మాట ఇయ్యనిదై, నేడు ఆర్డరు వచ్చినచో రేపు కట్ట కట్టి పంపుటకు వీలైనది అమ్మదగిన నిల్వ. సాధారణముగా కొనువారికి చూపవలసినది ఈ మూడవ అంకె. మొదటి రెండింటిని సరిచేయనిదే మూడవది తేలదు.

ఒక ఉదాహరణ చూతము. ఒక సంఘములో ఒక రకము ఎర్ర నూలు చీర నిల్వ పుస్తకములో 64 గా ఉన్నదనుకొందము. రాత్రి దుకాణము మూసిన పిమ్మట లెక్కింపగా అరలో 58 తేలినవి. తేడా 6. సాధారణముగా గుమస్తా ఏమి చేయును? 64ను కొట్టివేసి 58 అని వ్రాసి, పని ముగిసినదని ఇంటికి పోవును. ఇది సర్దుబాటు కాదు, తుడిచివేత. ఆ 6 చీరలు ఏమైనవో వెదకవలెను. వెదకగా, ఆదివారమునాడు దుకాణములో 3 చీరలు అమ్ముడైనవి, చీటీలు సొరుగులోనే ఉండిపోయినవి అని తెలిసినది. మరి 2 చీరలు జిల్లా కేంద్రములో జరుగుచున్న ప్రదర్శనకు పంపబడినవి. పంపినవారు పుస్తకములో వ్రాయలేదు. మిగిలిన ఒకటి ఎచ్చటను కనబడలేదు.

ఈ మూడును మూడు వేర్వేరు పద్దులు. 3 చీరలను అమ్మకముగా వ్రాయవలెను. వాని సొమ్ము పెట్టెలో ఉన్నదో లేదో చూడవలెను. ప్రదర్శనకు వెళ్లిన 2 చీరలు సంఘపు సొత్తే. పుస్తకములో వానిని తీసివేయరాదు, “ప్రదర్శనలో ఉన్నవి” అను వేరే స్థలము క్రిందకు మార్చవలెను. కనబడని ఒక్క చీరను తరుగుగా, కారణము తెలియలేదని స్పష్టముగా వ్రాసి, పాలకవర్గపు ఆమోదమునకు పెట్టవలెను. ఇప్పుడు అరలోని 58 చీరలకు పుస్తకములోని లెక్క సరిపోయినది.

ఇక 58ని అంగడికి పంపవచ్చునా? పంపరాదు. ఆ 58లో 4 చీరలకు మరక గాని, నేతలో లోపము గాని ఉన్నది. ఒకటి ఫొటో కొరకు మడత విప్పినది. 10 చీరలకు ఒక పెండ్లివారు బయానా ఇచ్చి వెళ్లినారు. 5 చీరలు నిన్న ఆన్‌లైనులోనే అమ్ముడైనవి; కట్ట కట్టి ఉన్నవి, కొరియరు మనిషి ఇంకను రాలేదు. ఇవన్నియు అరలో ఉన్నవే, లెక్కకు వచ్చునవే, కాని క్రొత్తవారికి అమ్మదగినవి కావు. 58 నుండి ఈ 20 తీసివేయగా 38 మిగులును. పగటిపూట దుకాణములో కూడ ఇవే చీరలు అమ్ముదురు కావున, అమ్మకము వ్రాయుటలో ఆలస్యమైనను మాట తప్పకుండుటకు 3 చీరలను చేతి క్రింద ఉంచుకొందము. అంగడికి తెలుపవలసిన అంకె 35.

పుస్తకములో 64, అంగడిలో 35. ఈ తేడాను చూచి కొందరు భయపడుదురు. భయపడవలసిన పని లేదు. ప్రతి చీరకు కారణము వ్రాసి ఉన్నది. కారణము లేకుండ రెండు చోట్లను 64 అని సరిపోవుటకంటె ఇది మేలు.

చేతి క్రింద ఎన్ని ఉంచుకొనవలెనన్నది అనుభవము మీద తేలవలసిన విషయము. ఆన్‌లైనులో మాత్రమే అమ్ము రకమునకు ఒక్కటియు ఉంచనక్కరలేదు. సంత దినమున దుకాణములో విరివిగా పోవు రకమునకు 3 కూడ చాలకపోవచ్చును. ఒకే ఒక్క చీరగా నేసిన అపురూపమైన రకము ఉన్నచో దానిని దుకాణములోనో ఆన్‌లైనులోనో ఏదో ఒకచోటనే అమ్మవలెను.

ఒకసారి తగ్గించినదానిని మరల తగ్గించుట

పై ఉదాహరణములో ఆన్‌లైనులో అమ్ముడై ఇంకను పంపని 5 చీరల విషయములో ఒక మెలిక కలదు. అంగళ్లన్నియు ఒకే రీతిగా లెక్క కట్టవు. కొన్ని అంగళ్లు “అమ్ముటకు ఎన్ని ఉన్నవి?” అని అడుగును. వానికి 5 తీసివేసిన అంకెనే పంపవలెను. మరికొన్ని “చేతిలో మొత్తము ఎన్ని ఉన్నవి?” అని అడిగి, పంపవలసిన ఆర్డర్లను తామే తీసివేసికొనును. వానికి కూడ మనము 5 తగ్గించి పంపినచో, అది మరల 5 తగ్గించును. 35 ఉండవలసినచోట 30 కనిపించును. 5 చీరలు ఎవరి కంటికిని కనబడకుండ అరలో ఉండిపోవును.

దీనికి విరుద్ధమైన ప్రమాదము ఇంకను పెద్దది. ఆర్డరు రాగానే అంగడి తన అంకెను తగ్గించుకొనును. కాని మన పుస్తకములో ఆ అమ్మకము ఎక్కలేదు. ఆ స్థితిలో పుస్తకపు అంకెను పంపినచో, అమ్ముడుపోయిన చీర మరల అంగడిలోనికి లేచి వచ్చును. రెండవ మనిషి దానిని కొనును. ఒక చీర, ఇద్దరు యజమానులు! కావున నిల్వ పంపుటకు ముందు అంగడిలోని క్రొత్త ఆర్డర్లన్నింటిని దింపుకొని, పుస్తకములో ఎక్కించి, ఆ తరువాతనే అంకెను పంపవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో మిగిలిన జాగ్రత్తలన్నియు వ్యర్థము.

ఇట్టిదే మరియొకటి: పంపు పట్టికలోని అంకె “ఇప్పుడు ఉన్న మొత్తము” అని అర్థమా, “ఇదివరకున్నదానికి కలుపుము” అని అర్థమా? క్రొత్తగా 12 చీరలు వచ్చినవని గుమస్తా 12 అని వ్రాసి పంపినాడనుకొందము. మొత్తము అని గ్రహించు అంగడిలో 35 ఉండవలసిన నిల్వ పడిపోయి 12 అగును. కలుపుమని గ్రహించు అంగడిలో పొరపాటున రెండుసార్లు పంపినచో 12 బదులు 24 కలియును. ఏ అంగడి ఏ విధముగా గ్రహించునో ఒక చీటీ మీద వ్రాసి కంప్యూటరు ప్రక్కన అతికించుకొనుట మంచిది. గుమస్తా మారినను చీటీ మారదు.

మొదటిసారి రెండు పట్టికలను జోడించునపుడు ప్రోగ్రాము ఒక ప్రశ్న అడుగవచ్చును: ఏ వైపు అంకెను నిజమని తీసికొనవలెను? ఈ ప్రశ్నను చదువకుండ “సరే” అని నొక్కి, సంవత్సరపు లెక్కను పోగొట్టుకొనుట కష్టమేమియు కాదు. అంగడిలోని పాత అంకెలు వచ్చి పుస్తకపు అంకెలపై కూర్చుండును. అందువలన జోడింపునకు ముందు రెండు పట్టికలకును ప్రతులు తీసి, తేది, గంట వ్రాసి భద్రపరచవలెను.

కొలతలు, జతలు, రంగులు

మన సరుకులో కొలతల వైవిధ్యము ఎక్కువ. తువాళ్లు డజన్లలో, పంచెలు జతలలో, రవికె గుడ్డ మీటర్లలో లెక్కింతుము. అంగడి మాత్రము తాను అమ్ము పరిమాణమునే లెక్కించును. పుస్తకములో “తువాళ్లు 12” అని ఉన్నది డజన్లైనచో అంగడిలో 144 అని ఉండవలెను, ఒక్కొక్కటిగా అమ్ముచున్నట్లైతే. 6 తువాళ్ల కట్టగా అమ్ముచున్నచో 24. పంచెల విషయములో “40” అని ఉన్నచో అవి 40 జతలా, 40 పంచెలా అను సందేహము ఎప్పుడును తలయెత్తుచుండును.

మీటర్ల లెక్క ఇంకను సూక్ష్మమైనది. సంఘము వద్ద మూడు తానులు ఉన్నవనుకొందము: 38 మీటర్లు, 34 మీటర్లు, 28 మీటర్లు. మొత్తము 100 మీటర్లు. ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల ముక్కగా ఆన్‌లైనులో అమ్ముచున్నారు. 100ని రెండున్నరతో భాగింపగా 40 వచ్చును. కాని 40 ముక్కలు రావు. మొదటి తానులో 15, రెండవదానిలో 13, మూడవదానిలో 11, మొత్తము 39. ప్రతి తాను చివరను కొంత గుడ్డ మిగులును. ఆ మిగిలిన గుడ్డలను కలిపి కుట్టి ఒక ముక్కగా పంపజాలము గదా! ఇది కంప్యూటరుకు తెలియదు, కత్తెర పట్టినవానికి తెలియును. అందువలన మీటరు సరుకు లెక్క వేయునపుడు గుమస్తా ఒక్కడే గాక, గుడ్డ కత్తిరించు మనిషి కూడ ప్రక్కన ఉండుట అవసరము.

రంగుల విషయములో మొత్తము సరిపోయినంత మాత్రమున తృప్తి పడరాదు. ఎరుపు 20, ఆకుపచ్చ 18 అని ఉండవలసినచోట ఎరుపు 18, ఆకుపచ్చ 20 అని వ్రాసినను మొత్తము 38 గానే కనిపించును. ఆడిటరుకు కూడ తప్పు దొరకదు. కాని ఎరుపు కోరినవారిలో చివరి ఇద్దరు ఎంత వెదకినను దానిని కొనలేరు, ఆకుపచ్చ కోరినవారిలో చివరి ఇద్దరికి చీర పోదు. ప్రతి రంగునకు, ప్రతి అంచునకు వేరే కోడు ఉండవలెను. ఆ కోడును చీర మడతలోనున్న చీటీపై కూడ వ్రాయవలెను. కోడు 0045 వంటి అంకె ఐనచో మరియొక చిక్కు కలదు: ఎక్సెల్ పట్టిక ముందున్న సున్నలను తీసివేసి 45 అని ఉంచుచుండును. అప్పుడు అంగడికి ఆ సరుకు ఏదో తెలియదు. కోడు ముందు ఒక అక్షరమును చేర్చినచో ఈ బాధ ఉండదు.

ఖాళీ గడియును సున్నయు ఒకటి కాదు. పట్టికలో గడిని ఖాళీగా విడిచినచో “మార్పు లేదు” అని కొన్ని అంగళ్లు గ్రహించును, “సరుకు లేదు” అని కొన్ని గ్రహింపవచ్చును. లేనిదానికి సున్న వ్రాయుటయే క్షేమము. ఇక పుస్తకములో నిల్వ సున్నకంటె తక్కువగా, ఋణ సంఖ్యగా కనిపించినచో, జమ వ్రాయకుండ అమ్మకము వ్రాసినారని అర్థము. దానిని సున్నగా దిద్ది పంపుట తగదు. మగ్గము నుండి వచ్చిన సరుకు ఎచ్చట వ్రాయబడలేదో కనుగొనవలెను. ఆ వ్రాయబడని జమలో ఒక నేతగాని కూలి ఉండి ఉండవచ్చును.

మగ్గము మీదనున్న చీర

నిల్వను ఎక్కువగా చూపుటకు సంఘములకు కలుగు ప్రలోభములలో పెద్దది ఇది. “పడుగు ఎక్కినది, పది దినములలో చీరలు దిగును, ఇప్పుడే నిల్వలో చూపుదము” అందురు. వర్షము ముసురుకొన్నను, రంగు ఆరకపోయినను, ఇంటిలో ఒకరికి జ్వరము వచ్చినను మగ్గము ఆగును. ఇకత్తు చీరలో పడుగు నూలును, పేక నూలును కట్టి రంగు అద్దుట నేతకు ముందే పూర్తి కావలెను. ఆ పని తొందరపెట్టినంత మాత్రమున జరుగదు. మగ్గము మీదనున్నది నూలే గాని చీర కాదు. దానిని అమ్మదలచినచో “కోరిన పిమ్మట నేసి ఇచ్చునది, ఇన్ని దినములు పట్టును” అని వేరే వివరముతో పెట్టవలెను. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును కొనుగోలుదారు తిప్పి పంపినచో, తీసికొనుటకు గాని సొమ్ము వాపసు ఇచ్చుటకు గాని విక్రేత నిరాకరింపరాదని 2020వ సంవత్సరపు ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమములలో ఉన్నది.

తిరిగివచ్చిన కట్టలను గురించియు ఒక మాట. ఇంటి వద్ద సొమ్ము చెల్లించు పద్ధతిలో పంపిన కట్టలు కొన్ని, తీసికొనువారు లేక తిరిగి వచ్చును. అంగడి దానిని గమనించి తన అంకెను తానే ఒకటి పెంచినచో, కట్ట ఇంకను త్రోవలో ఉండగనే చీర మరల అమ్మకమునకు వచ్చును. అంగడిలో ఈ ఏర్పాటును ఆపుటకు వీలున్నచో ఆపవలెను. కట్ట చేరిన తరువాత విప్పి, మడత చూచి, మరక లేదని తెలిసికొని, ఆ తరువాతనే నిల్వలో చేర్చవలెను.

రెండు అంగళ్లు, ఒకే అర

అనేక సంఘములు నేడు ఒక అంగడితో ఆగుట లేదు. ఒకే 35 చీరలను ఒక అంగడిలో 35, మరియొక అంగడిలో 35 అని చూపినచో, 35 చీరలకు 70 మాటలు ఇచ్చినట్లగును. పండుగ ముందు రెండు చోట్లను అమ్మకము జోరుగా ఉన్నపుడే ఈ తప్పు బయటపడును. సరిదిద్దుకొనుటకు అవకాశము లేని సమయము కూడ అదియే. రెండింటిని క్షణక్షణము కలుపు ప్రోగ్రాము లేనిచో 20, 15 గా పంచుకొని, వారమునకొకసారి అమ్మకమును బట్టి మార్చుకొనవలెను. 2021 డిసెంబరు 31న సంస్థగా నమోదైన ఓ.ఎన్.డి.సి. వ్యవస్థలో ఏర్పాటు వేరు. అచ్చట సంఘము ఒక విక్రేత ఆప్‌లో ఉంచిన సరుకు అనేకమైన కొనుగోలు ఆప్‌లలో కనిపించును. పంచుకొను బాధ లేదు, నిజమే. కాని ఒక తప్పు అంకె అన్ని ఆప్‌లలోను ఒకేసారి కనిపించునని మరువరాదు.

లెక్కించు రాత్రి

మొదటిసారి సింక్ చేయుటకు ఒక రాత్రి కేటాయించుట మంచిది. సంత మరునాడైనచో అర కొంత ఖాళీగా ఉండును. దుకాణము మూయవలెను. ప్రోగ్రాము తనంతట తాను పంపు ఏర్పాటును ఆపవలెను. లెక్క ముగియువరకు అంగడిలో అమ్మకము కూడ ఆపుకొనుటకు వీలున్నచో ఆపవచ్చును. పాత అంకెలకు ప్రతులు తీసి, క్రొత్త ఆర్డర్లను దింపి పుస్తకములో ఎక్కించి, ఆ తరువాత లెక్కకు కూర్చుండవలెను. లెక్కించువాడు పుస్తకపు అంకెను ముందుగా చూడరాదు. చూచినచో చేతికి 58 వచ్చినను నోటికి 64 వచ్చును. ఒకరు లెక్కింపగా మరియొకరు వ్రాయవలెను. తేడా వచ్చిన రకములను మనుష్యులను మార్చి మరల లెక్కించవలెను. గిడ్డంగి తాళము ఎవరి వద్ద ఉండునో ఆయనను ఒంటరిగా లెక్కింపనీయరాదు. ఇది అనుమానము వలన కాదు, ఆయన క్షేమము కొరకే: ఒక చీర తక్కువైనచో నింద ముందుగా పడునది ఆయన మీదనే. ఇట్టి రాత్రికి సంఘమువారు కోరినచో ఊరి పెద్దగా ఒక వార్డు సభ్యుడు సాక్షిగా కూర్చుండవచ్చును. గిడ్డంగిలో వెలుతురు చాలనిచో పంచాయతీ కార్యాలయపు గదిని ఇయ్యవచ్చును.

సర్దుబాటు పద్దులను తుడుపులతో గాక వోచర్లతో వ్రాయవలెను: తేది, రకము, పుస్తకములో ఎంత, లెక్కలో ఎంత, కారణము, సంతకములు. సంవత్సరాంతమున ఆడిటు జరుగునపుడు గుమస్తాను కాపాడునవి ఈ వోచర్లే. పన్ను విషయము కూడ ఇందులో కలదు. పోయిన, పాడైన, లెక్క నుండి కొట్టివేసిన సరుకుపైనను, ఉచిత నమూనాలుగా ఇచ్చినదానిపైనను ముందు చెల్లించిన జి.ఎస్.టి.ని తగ్గించుకొనుటకు 2017వ సంవత్సరపు చట్టము అంగీకరింపదు. కావున తరుగు వ్రాయునపుడు పన్ను లెక్క చూచువారికి తప్పక తెలుపవలెను.

అంకెలన్నియు సిద్ధమైన పిమ్మట ఒక్కసారిగా మొత్తము పట్టికను పంపరాదు. రెండు మూడు రకములను మాత్రము పంపి, ఫోనులో అంగడి తెరచి, కొనుగోలుదారునివలె చూడవలెను. 35 పంపినచోట 35 అమ్ముటకు ఉన్నవో, 30 ఉన్నవో అప్పుడే తేలును. సరిగా ఉన్నచో మిగిలినవి పంపి, ఆపిన ఏర్పాటును మరల తెరువవలెను.

ఆ తరువాత ప్రతి రాత్రి గిడ్డంగి అంతయు లెక్కింపనక్కరలేదు. ఎక్కువగా పోవు పది రకములను వారమునకొకసారి, మిగిలినవానిని వంతులవారీగా లెక్కించుచు పోయినచో మూడు నెలలలో అన్నియు ఒక చుట్టు పూర్తియగును. రాష్ట్ర పండుగలకును, పెండ్లి ముహూర్తములకును పదిహేను దినముల ముందు ఒకసారి పూర్తిగా లెక్కించుట అవసరము. ఆదివారపు చీటీలను మాత్రము సోమవారమునకు విడువక, ఆ రాత్రికి ఆ రాత్రే పుస్తకములో ఎక్కించవలెను.